తుపాన్ల సీజన్ ముందే ఇంటి సర్వర్ పాస్‌వర్డ్‌ల సంగతి చూసుకోండి

విశాఖలో అక్టోబరు, నవంబరు వస్తే కరెంటు మీద నమ్మకం పెట్టుకోలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక చాలా వీధులు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. ఇంట్లో సొంత సర్వర్ పెట్టి, డాకర్ (ఒక్కో అప్లికేషన్‌ను విడి డబ్బాలో నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఫొటోలు, పత్రాలు దాచుకునేవాళ్లకు కరెంటు తిరిగొచ్చాక ఇంకో తలనొప్పి ఉంటుంది. సర్వర్ లేస్తుంది కానీ, నెలల తరబడి లాగిన్ అయి ఉన్న పేజీ మళ్లీ పాస్‌వర్డ్ అడగొచ్చు. అది గుర్తుకు రాదు.

చాలా అప్లికేషన్లలో పాస్‌వర్డ్ మర్చిపోయినంత మాత్రాన డేటా పోదు. ఆ టెన్షన్‌లో చేసే పనుల వల్లే పోతుంది.

కంటెయినర్ (డాకర్‌లో అప్లికేషన్ నడిచే ఆ డబ్బా) తీసేసి మళ్లీ పెడితే మొదటి పాస్‌వర్డ్ వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. పాస్‌వర్డ్ హాష్ (వెనక్కి తిప్పలేని గుర్తుగా మార్చిన రూపం) డేటాబేస్‌లో ఉంటుంది, ఆ డేటాబేస్ వాల్యూమ్‌లో (కంటెయినర్‌కు బయట డేటా దాచే చోట) ఉంటుంది. కంటెయినర్ ఎన్నిసార్లు మార్చినా వాల్యూమ్ పాతదే. అప్పుడు విసుగొచ్చి కంటెయినర్లను ఆపి తీసేసే 'డాకర్ కంపోజ్ డౌన్' కమాండ్ చివర 'వి' ఆప్షన్ (-v) తగిలిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కంపోజ్ ఫైల్‌లో (ఏ కంటెయినర్లు ఎలా నడవాలో రాసుకునే ఫైల్‌లో) పేరు పెట్టుకున్న వాల్యూములు దాంతో చెరిగిపోతాయి. లాగిన్ పేజీ కొత్తగా తెరుచుకుంటుంది, లోపల మాత్రం పిల్లల ఫొటో ఒక్కటీ ఉండదు. ఆ సర్వర్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే, కొన్ని అప్లికేషన్లలో ముందుగా ఆ పేజీకి వచ్చిన బయటివాళ్లే అడ్మిన్ అయిపోతారు.

కంపోజ్ ఫైల్‌లో పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) పాస్‌వర్డ్ మార్చి చూడటమూ వద్దు. డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్న మొదటిసారే ఆ విలువ పనిచేస్తుంది. తర్వాత మారిస్తే అప్లికేషన్ కొత్త పాస్‌వర్డ్‌తో వెళ్తుంది, డేటాబేస్ పాతదే అడుగుతుంది. ఉన్న కనెక్షన్ కూడా తెగుతుంది.

కాబట్టి ముందు కంటెయినర్లు ఆపి, వాల్యూములను, కంపోజ్ ఫైల్‌ను, ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌ను (సెట్టింగులు ఉండే ఫైల్‌ను) బయటి డిస్కులోకి కాపీ చేయండి. ఇంకో కాపీ వేరే ఊళ్లో చుట్టాలింట్లో ఉంచితే మరీ మంచిది. ఆ తర్వాతే కంటెయినర్లను మళ్లీ నడిపి, పాస్‌వర్డ్ రీసెట్ చేయండి. ఫైళ్లు దాచుకునే నెక్స్ట్‌క్లౌడ్‌కు కంటెయినర్ లోపల 'ఆక్' (occ) కమాండ్ ఉంది, దాన్ని వెబ్ సర్వర్ యూజర్‌గానే నడపాలి. గ్రఫానా (గ్రాఫులు చూపేది), గిటీ (ప్రోగ్రామ్ కోడ్ దాచేది)లకు వాటి కమాండ్లు ఉన్నాయి. కంటెయినర్లను వెబ్ పేజీ నుంచి నడిపించే పోర్టెయినర్‌కైతే ముందు దాన్ని ఆపి, రీసెట్ కోసమే ఉన్న సహాయక కంటెయినర్‌ను నడపాలి. డేటాబేస్‌లో హాష్‌ను చేత్తో మార్చడం చిట్టచివరి దారి.

వీటన్నిటికీ సర్వర్‌లోకి లాగిన్ కాగలగాలి. అందుకే ఆ మెషీన్ పాస్‌వర్డ్ అన్నిటికన్నా ముఖ్యం.

కొన్నిటికి మాత్రం రీసెట్ అనేదే లేదు. పాస్‌వర్డ్‌లు దాచుకునే వాల్ట్‌వార్డెన్‌లో అడ్మిన్ టోకెన్ (అడ్మిన్ పేజీ తెరిచే రహస్య పదం) మార్చుకోవచ్చు, కానీ మాస్టర్ పాస్‌వర్డ్ పోతే సర్వర్ మీదే అయినా ఖజానా తెరుచుకోదు. నెక్స్ట్‌క్లౌడ్‌లో యూజర్ కీలతో ఎన్‌క్రిప్షన్ (ఫైళ్లకు రహస్య తాళం) పెట్టుకుని, రికవరీ కీ ముందే ఆన్ చేయకపోతే, పాస్‌వర్డ్ మార్చాక పాత ఫైళ్లు చదవడానికి రావు. డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసినవాళ్లను కరెంటు వచ్చిన ప్రతిసారీ సర్వర్ ఆ పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. మాస్టర్ పాస్‌వర్డ్, రికవరీ కీ, పాస్‌ఫ్రేజ్, ఈ మూడింటినీ కాగితం మీద రాసి, తడవని కవర్లో పెట్టి బీరువాలో దాచండి. ఇంట్లో ఇంకొకరికి ఆ చోటు చెప్పండి.

రెండో అడ్మిన్ ఖాతా ఈ వారమే తెరవండి. ఒక టెస్ట్ యూజర్ మీద రీసెట్ ఒకసారి చేసి చూసి, ఆ కమాండ్‌ను అదే కాగితం వెనక రాసుకోండి. ఇంటర్నెట్ లేని రోజున వెతుక్కోవడానికి వేరే దారి ఉండదు.