చక్రానికి తాళం వేస్తే ముందు అడగాల్సింది

పండగ బట్టలకని రాజమండ్రి మెయిన్ రోడ్డుకి వెళ్లి, సంచులు మోసుకుంటూ తిరిగొచ్చేసరికి కారు ముందు చక్రానికి పసుపు రంగు క్లాంపు. పక్కన స్టూలేసుకుని కూర్చున్న కుర్రాడు "ఐదొందలిస్తే తీస్తానండి" అంటాడు. ఎండలో పిల్లలతో నిలబడి ఆ టెన్షన్ పడలేక చాలామంది ఇచ్చేస్తారు.

నేనిప్పుడు బండి పెట్టగానే రెండు ఫోటోలు తీస్తున్నాను. ఒకటి నంబరు ప్లేటు, వెనక షాపు బోర్డు కలిసి పడేలా. రెండోది పది అడుగుల దూరం నుంచి, దగ్గర్లో నో పార్కింగ్ బోర్డు ఉందో లేదో తెలిసేలా. క్లాంపు పడితే బండి కదపకుండా నెమ్మదిగా అడగండి: "వేయమన్న పోలీసు గారెవరండి? చలానా చూపిస్తారా?" 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో చక్రానికి తాళం వేయించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారిదే, షాపు మనిషిది కాదు. జవాబు రాకపోతే 112కి ఫోన్ చేయండి. నేను నంబరు నొక్కుతుండగానే కుర్రాడి జేబులోంచి తాళంచెవి బయటికొచ్చింది. ఎవరి సొంత క్యూఆర్ కోడ్‌కీ డబ్బు పంపకండి.

కాంప్లెక్స్ సెల్లార్‌లో మాత్రం ఈ మాట అంతగా చెల్లదు. అది వాళ్ల స్థలం, టోకెన్ వెనక షరతులు ముందే చదువుకోవాలి. నిజంగా నో పార్కింగ్‌లో పెట్టి ఉంటే పోలీసు చలానా కట్టేయడమే. ఎంత కోపమొచ్చినా క్లాంపు పగలగొట్టకండి, కేసు మన మీదకే వస్తుంది.