గ్రాంటు దరఖాస్తుకు తుది పరిశీలన – 4వ పాఠం: బడ్జెట్ నుంచి పద్ధతికి

గత పాఠంలో లక్ష్యాలకూ పద్ధతికీ పొంతన చూశాం. ఈసారి బడ్జెట్ పట్టిక దగ్గర మొదలుపెట్టి పద్ధతి వైపు వెనక్కి చదవడం నేర్చుకుందాం. నేను పరిశీలించిన దరఖాస్తుల్లో మంచి ఆలోచన ఉండి కూడా తడబడినవి ఎక్కువగా ఇక్కడే తడబడ్డాయి. పద్ధతిని నెలల తరబడి ఆలోచించి రాస్తారు, బడ్జెట్‌ను గడువుకు ముందు రాత్రి నింపుతారు, రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివేవారు మాత్రం ఉండరు.

గుంటూరులోని ఒక అధ్యాపకురాలు మిరపపై నల్ల తామర పురుగు గురించి మూడేళ్ల ప్రాజెక్టుకు దరఖాస్తు రాశారనుకుందాం. 2021-22 పంటకాలంలో ఆ పురుగు చేసిన నష్టాన్ని కళ్లారా చూసిన ప్రాంతం కాబట్టి, సమస్య తీవ్రతను చెప్పే పేజీలు బలంగానే ఉంటాయి. పద్ధతిలో ఆమె 12 గ్రామాలు, గ్రామానికి 5 పొలాలు, పంటకాలానికి 4 సార్లు పూల నమూనాల సేకరణ, డీఎన్‌ఏ సీక్వెన్సింగ్‌తో పురుగు గుర్తింపు అని రాశారు. పెన్సిలు తీసుకుని లెక్క వేయండి: పంటకాలానికి 240 నమూనాలు, మూడు పంటకాలాలకు 720. బడ్జెట్‌లో సీక్వెన్సింగ్ ఖర్చు 60 నమూనాలకే ఉంది.

ఇక్కడ తొందరపడి 'బడ్జెట్ చాలదు' అని రాయకండి. కొన్నింటికే సీక్వెన్సింగ్ చేసి, మిగిలినవాటిని స్లైడ్లపై సూక్ష్మదర్శినితో గుర్తించాలని ఆమె అనుకుని ఉండవచ్చు. అది సమంజసమైన పద్ధతే, కానీ కాగితం మీద లేదు. 'మిగతా 660 నమూనాలను దేనితో గుర్తిస్తారు? ఆ 60ని ఎలా ఎంచుకుంటారు?' అని అడిగితే, ఆమె సరిదిద్దవలసింది అంకెనో వాక్యాన్నో ఆమెకే తెలుస్తుంది.

ప్రయాణ ఖర్చునూ ఇలాగే విడదీయాలి. రోజుకు రెండు గ్రామాల చొప్పున ఒక విడత సేకరణకు 6 రోజులు, పంటకాలానికి నాలుగు విడతలు కాబట్టి మూడు పంటకాలాలకు 72 రోజులు. 36,000 రూపాయలు కోరితే రోజుకు 500 వస్తుంది. అద్దె కారుకు అది ఏ మాత్రం సరిపోదు.

ఫెలోషిప్ (ప్రాజెక్టులో పనిచేసే పరిశోధకులకు నెలనెలా ఇచ్చే మొత్తం) వరుసలో పాత దరఖాస్తు నుంచి నకలు చేసిన 31,000 తరచుగా కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర, సాంకేతిక విభాగం 2023 జనవరి 1 నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000, సీనియర్‌కు 42,000 చేసింది. రెండేళ్లు జూనియర్‌గా, మూడో ఏడు సీనియర్‌గా లెక్కిస్తే మొత్తం 13,92,000 అవుతుంది. 37,000ను 36తో గుణించి ఊరుకుంటే 60,000 తగ్గుతుంది. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. ఈ భత్యం కోసం కేంద్ర ప్రభుత్వం నగరాలను ఎక్స్, వై, జెడ్ తరగతులుగా విభజించింది. గుంటూరు, విజయవాడ రెండూ వై తరగతి నగరాలు కాబట్టి, 20 శాతం రేటు వర్తిస్తే 2,78,400 కలపాలి. దరఖాస్తు నాటి రేటును నిధులిచ్చే సంస్థ తాజా ప్రకటనలోనే చూడండి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం కాలపట్టికకు ఇవ్వమంటాను. ఈ ప్రాంతంలో మిరప నాట్లు ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరుల్లో పడతాయి. మంజూరు ఉత్తర్వు జనవరిలో వస్తే, ప్రకటన ఇచ్చి ఫెలోను నియమించేసరికి కోతలు ముగింపుకు వస్తాయి. ఆ జనవరి నుంచి 36 నెలల్లో పూర్తిగా దక్కేవి రెండు పంటకాలాలే, మూడోది సగంలో ఆగుతుంది. పూర్తి పంటకాలాలనే లెక్కిస్తే 720 నమూనాలు అప్పుడు 480కి పడిపోతాయి. ఆ సంఖ్యతో ఏ లక్ష్యం నిలుస్తుందో, దేన్ని వదులుకోవాలో దరఖాస్తుదారే ముందుగా రాసి ఉంటే, సమీక్షకులకు ఆమె పొలం తెలిసిన మనిషి అని అర్థమవుతుంది.

అభ్యాసం: మీ ముసాయిదా బడ్జెట్‌లోని ప్రతి వరుస పక్కన, ఆ ఖర్చును అవసరం చేసిన పద్ధతి పేరా సంఖ్య రాయండి. తరువాత పద్ధతిని మాత్రమే వేరే శాఖ సహోద్యోగికి ఇచ్చి, నమూనాల మొత్తం సంఖ్య లెక్కగట్టమనండి. ఆయనకు వచ్చిన సంఖ్యా మీ బడ్జెట్‌లోని సంఖ్యా వేరైతే, అంకెను ముట్టుకోకముందు ఆయన ఏ వాక్యం దగ్గర దారి తప్పారో అడిగి, దాన్ని తిరగరాయండి. ఆ రెండు ప్రతులతో 5వ పాఠానికి రండి.