కొమ్ముల జింక తల గోడకెక్కాలంటే వేట స్థలంలో చేయవలసినవి

టెక్సస్‌లో తెల్లతోక జింకల సాధారణ వేట కాలం నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. దక్షిణ టెక్సస్‌లో ఆ రోజుల్లో కూడా మధ్యాహ్నం ఎండ 27 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే కాబట్టి, తల నుంచి భుజాల దాకా మౌంట్ (తోలును అచ్చుకు తొడిగి, ప్రాణమున్నట్టు గోడకు తగిలించేలా తయారుచేయడం) చేయించుకోవాలనుకునేవారికి అసలు శత్రువు ఆ వేడి. (1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద భారతదేశంలో ఇలాంటి వేట నేరం; ఇక్కడ చెప్పేది అమెరికాలో లైసెన్సుతో వేటాడే మనవారి కోసం.)

జింక పడగానే కాగితపు లైసెన్సులోని ట్యాగ్ మీద నెలను, తేదీని కత్తితో కోసి, మిగతా వివరాలు నింపి జింకకు కట్టాలి. ముక్కు నుంచి, గాయం నుంచి కారిన రక్తాన్ని ఎండకముందే తడిగుడ్డతో తుడవాలి. మెడకు తాడు కట్టి ఈడ్చకూడదు. చలికాలపు జింక వెంట్రుక లోపల బోలుగా ఉండి పుటుక్కున విరుగుతుంది. అలా బోసిపోయిన చోటును పూడ్చడం ఎవరి తరమూ కాదు. భుజాలు నేలకు తగలకుండా కొమ్ములు పట్టుకొని లాగవచ్చు, నేలమీద ఈడ్చుకుపోయే స్లెడ్ పలక ఉంటే మరీ మంచిది.

ఇక కత్తి. మన ఊళ్ళలో మేకను కోయడం చూసి పెరిగినవారి చెయ్యి ముందుగా గొంతు మీదికే పోతుంది. మౌంట్‌లో ఎదురుగా కనిపించేది ఆ గొంతే గనుక అక్కడ చిన్న గాటు కూడా పెట్టకూడదు. గుండె ఆగిపోయాక గొంతు కోసినా పెద్దగా రక్తం రాదు; పేగులు, గుండె, ఊపిరితిత్తులు తీసేటప్పుడు పోవలసిన రక్తం పోనే పోతుంది. పొట్ట చీల్చే గాటు రొమ్ము ఎముక మొదలయ్యే చోటనే ఆగాలి.

తోలు ఒలిచేటప్పుడు భుజాల వెనక, పక్కటెముకల నడిమి భాగంలో ఒంటి చుట్టూ ఒక గాటు పెట్టాలి. ఇక్కడ ధారాళంగా వదలాలి. మిగిలిన తోలును మౌంట్ తయారుచేసే టాక్సిడెర్మిస్ట్ కత్తిరించుకోగలడు గాని, చాలకపోతే తెచ్చి అతికించలేడు. ముందుకాళ్ళ మోకాళ్ళ దగ్గర చుట్టూ కోసి, కాలి వెనకవైపుగా పైకి గీసుకుంటూ వెళ్ళి ఆ పెద్ద గాటులో కలపాలి. ఆపైన తోలును, బిగుతు బనియను తలమీదుగా విప్పినట్టు, పుర్రె మొదలు దాకా లాక్కుంటూ పోయి, మొదటి మెడ ఎముక కీలు దగ్గర తలను వేరుచేయాలి. కళ్ళు, పెదవులు, చెవుల జోలికి మాత్రం వెళ్ళవద్దు. కనురెప్ప దగ్గర కత్తి ఒక్కసారి జారితే మౌంట్ ముఖమే మారిపోతుంది.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు చల్లార్చడంలో. ఒంటి వేడి తగ్గని తోలును నల్లటి చెత్త సంచిలో మూటగట్టి, ట్రక్కు వెనక వేసుకొని, శాన్ ఆంటోనియో దగ్గరి నుంచి డాలస్ దాకా వచ్చాను. టాక్సిడెర్మిస్ట్ చెవి మొదట్లో నాలుగు వెంట్రుకలను రెండు వేళ్ళతో పట్టుకొని మెల్లగా లాగాడు. వెంట్రుకలతో పాటు తోలు పైపొర కూడా, తడిసిన కాగితంలా, ఊడి వచ్చింది. వేడిలో, తేమలో బాక్టీరియా పెరిగి కుదుళ్ళను పట్టు తప్పిస్తుంది. ఆ తరువాత ఎంత బాగా టానింగ్ చేసి తోలును పదును పెట్టినా ప్రయోజనం ఉండదు. అందుచేత తోలును ముందు నీడలో గాలికి చల్లారనివ్వాలి. తరువాత లోపలి వైపులు ఒకదానికొకటి తగిలేలా మడిచి, సంచిలో పెట్టి, ఆ రోజే ఫ్రీజర్‌లో వేయాలి. దారిలో ఐస్ బాక్స్ వాడితే, కరిగిన నీళ్ళలో తోలు నానకుండా నీళ్ళు నింపి గడ్డకట్టించిన సీసాలు పేర్చడం మేలు.

ఉప్పు సంగతి చాలామంది తలకిందులుగా చేస్తారు. తలను పూర్తిగా ఒలిచి, చెవులు తిరగేసి, పెదవులు చీల్చిన తోలుకే ఉప్పు పనికొస్తుంది. అది కూడా అయోడిన్ లేని సన్న ఉప్పే కావాలి, గళ్ళుప్పు లోపలికి ఇంకదు. ఉప్పు పట్టించిన తోలు సరిగా గడ్డకట్టదు కనుక దాన్ని ఫ్రీజర్‌లో పెట్టకూడదు. అంతకంటే, ఫ్రీజర్ అందుబాటులో ఉన్నవారు ఉప్పు ఊసే ఎత్తకపోవడం ఉత్తమమని నా అభిప్రాయం.

క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జింకల జబ్బు టెక్సస్‌లో 2012లో మొదటిసారి బయటపడింది. దానికి కారణమైన ప్రియాన్లు అనే వికృత ప్రోటీన్లు మెదడులో, వెన్నుపాములో ఎక్కువగా ఉంటాయి కాబట్టి తలను మరో రాష్ట్రానికి తీసుకువెళ్ళేవారు రెండు రాష్ట్రాల నియమాలనూ బయలుదేరకముందే చూసుకోవాలి. చాలా చోట్ల మెదడు కణజాలం మిగలకుండా శుభ్రం చేసిన పుర్రె పలకను (కొమ్ములు అంటుకొని ఉండే పుర్రె పైముక్కను), కొమ్ములను మాత్రమే అనుమతిస్తారు.

తలను అప్పగించేటప్పుడు జింక ఎన్ని గంటలకు పడింది, ఎప్పుడు చల్లబడింది, గుండు ఏ వైపు నుంచి తగిలింది అన్నవి టాక్సిడెర్మిస్ట్‌కు దాచకుండా చెప్పి, రసీదు తీసుకోవాలి. మాంసం ఇంటికి తీసుకువెళ్ళేటప్పుడు వేట నియమాలను అమలుచేసే అధికారి అయిన వార్డెన్ ఆపితే, అది మగ జింకేనని చూపడానికి తల బదులు ఆ రసీదే పనికొస్తుంది.