వానలకు ముందే: ఇంట్లో దీర్ఘరోగులున్న చెన్నై తెలుగువాళ్ళకు

నెల్లూరు వాళ్ళకు చెప్పక్కర్లేదుగానీ, హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చి ఓఎంఆర్‌లో కాపురం పెట్టినవాళ్ళకు మొదటి ఏడాది అర్థం కాదు. చెన్నైకి అసలైన వానాకాలం జూన్‌లో రాదు. దసరా దాటాక మొదలై డిసెంబరు దాకా ఉంటుంది. 2015 డిసెంబరు 1 రాత్రి అడయారు పొంగినా, 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుఫాను వేళచ్చేరి, పళ్ళికరణైలను ముంచినా అన్నీ ఈ ఈశాన్య రుతుపవనాల కాలంలోనే.

ఒంట్లో బాగున్నవాళ్ళకు అది రెండు మూడు రోజుల ఇబ్బంది. డయాలసిస్ చేయించుకుంటున్న నాన్నకు, ఆక్సిజన్ మీదున్న అత్తయ్యకు, మంచం దిగలేని తాతయ్యకు మాత్రం లెక్క వేరు. రోడ్డు, కరెంటు, ఫోను, మందుల షాపు నాలుగూ ఒకేసారి ఆగిపోతాయి. నర్సుగా నేను వెళ్ళే ఇళ్ళలో సెప్టెంబరులోనే ఒక మాట అడుగుతాను. మూడు రోజులు ఎవరూ రాలేక, కరెంటూ లేకపోతే ఈ మనిషికి మొట్టమొదట ఏది ఆగిపోతుంది? మీ ఇంట్లో దానికి జవాబు ఏదో అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. టార్చిలైటు, బియ్యం, పాలపొడి సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఆ జోలికి పోను.

అన్నిటికంటే తొందర డయాలసిస్ వాళ్ళది. 2005లో కత్రినా తుఫాను తర్వాత న్యూ ఆర్లీన్స్ డయాలసిస్ రోగులను అడిగి చూస్తే 44 శాతం మందికి కనీసం ఒక సెషన్ తప్పింది. మూడూ అంతకంటే ఎక్కువా తప్పినవాళ్ళు దాదాపు 17 శాతం, ఆస్పత్రిలో చేరాల్సి రావడం వాళ్ళలోనే ఎక్కువ. 2012లో శాండీ తుఫాను వచ్చేనాటికి ఆ పాఠం పనికొచ్చింది. న్యూయార్క్, న్యూజెర్సీల్లో చాలామందికి తుఫాను తాకకముందే డయాలసిస్ చేసేశారు. అలా చేయించుకున్నవాళ్ళలో ఎమర్జెన్సీకి పరుగెత్తడం, ఆస్పత్రిలో చేరడం, నెలలోపు చనిపోవడం మిగతావాళ్ళకంటే తక్కువని తర్వాత లెక్కలు తేల్చాయి.

మనం చెయ్యాల్సిందీ అదే. ఆరెంజ్ అలర్ట్ అనగానే సెంటర్‌కి ఫోన్ చేసి, "మాది గురువారం, బుధవారమే చేస్తారా?" అని అడగండి. రెడ్ అలర్ట్ దాకా ఆగితే అందరూ అడుగుతారు. రెండో సెంటర్ ఒకటి చూసిపెట్టుకోవడం కూడా ముఖ్యం. మధ్యలో సబ్‌వే (రైలు పట్టాల కింద నుంచి వెళ్ళే రోడ్డు) దాటనక్కర్లేనిది చూడండి. దురైసామి సబ్‌వే, గణేశపురం సబ్‌వే లాంటివి గట్టి వాన పడితే మూతపడేవే. కొత్త సెంటర్ వాళ్ళు హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, హెచ్ఐవీ రిపోర్టులు చూడందే మెషీన్ ఎక్కించరు. ఆ రిపోర్టులు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు), రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ డోసు, ఆఖరిసారి డయాలసిస్ చేసిన కాగితం అన్నీ ఫోటో తీసి కనీసం ఇద్దరి ఫోన్లలో పెట్టండి. ఒక ఫోను ఎలాగూ ఛార్జింగ్ అయిపోతుంది.

సెషన్ తప్పిందంటే ఇక తిండే కాపాడాలి. సాయం చేసేవాళ్ళు మంచి మనసుతో అరటిపళ్ళు, కొబ్బరినీళ్ళు తెచ్చిస్తారు. మామూలు మనిషికి అవి మంచివే, డయాలసిస్ తప్పినవాళ్ళకు ఆ పొటాషియం గుండె ఆగేంత ప్రమాదం. పొట్లాల్లో వచ్చే పులిహోరలో ఉప్పెక్కువ, ఉప్పెక్కువైతే దాహం, దాహమైతే నీళ్ళు, ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి. ఆవకాయదీ అదే దారి. "ఉప్పు తక్కువ" అని అమ్మే కొన్ని ఉప్పుల్లో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, అది అసలే వద్దు. రోజుకెన్ని నీళ్ళు తాగొచ్చో డాక్టరుగారిని ముందే అడిగి, ఒక సీసా మీద గీత గీసిపెట్టండి. ఇంట్లోనే పొట్ట డయాలసిస్ చేసుకునేవాళ్ళు దానికి వాడే ద్రవం బ్యాగులు అటక మీదికో పై అంతస్తుకో చేర్చండి.

తర్వాత కరెంటు. నీళ్ళు నిలిచిన వీధుల్లో షాక్ కొడుతుందని కరెంటు బోర్డు (ఈబీ) వాళ్ళే సరఫరా ఆపేస్తారు, అది మన మంచికే. గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే మెషీన్, కాన్సెంట్రేటర్‌కి మూడు నాలుగు వందల వాట్లు కావాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందికదా అని ధీమాగా ఉండకుండా, ఒక ఆదివారం మెయిన్ ఆపి, ఎంతసేపు లాగుతుందో గడియారం పెట్టి చూడండి. మెషీన్ ఆగగానే మనిషికి ఆక్సిజన్ తగ్గిపోతుంది కాబట్టి నిండు సిలిండర్ పక్కనే పెట్టుకున్నాకే ఈ పరీక్ష. బీ టైప్ సిలిండర్ నిండుగా ఉంటే దాదాపు 1500 లీటర్లు, నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు వస్తుంది. మూడు రోజులకు ఎన్ని కావాలో మీరే లెక్కేసుకోండి, ఒక్కటి మాత్రం చాలదు. అన్ని తెప్పించలేకపోతే వాన రాకముందే జనరేటర్ ఉన్న చుట్టాలింటికో, ఆస్పత్రికో మారడమే నయం. ఆస్పత్రి అయితే జనరేటర్ ఎక్కడుందో కూడా అడగండి. 2015లో చెన్నైలో ఒక పెద్ద ఆస్పత్రిలోకే నీళ్ళొచ్చి జనరేటర్లు ఆగిపోయాయి. నవ్వుతారేమో, అయినా అడగండి.

కరెంటు పోగానే మన చెయ్యి కొవ్వొత్తి కోసం వెతుకుతుంది. ఆక్సిజన్ ఉన్న గదిలో కొవ్వొత్తి, అగరొత్తి, మస్కిటో కాయిల్ ఏదీ వద్దు. కార్తీకదీపాలు కూడా ఈ రోజుల్లోనే వస్తాయి. దీపం బాల్కనీలో పెట్టుకోండి, పుణ్యం ఏం తగ్గదు.

మంచం దిగలేనివాళ్ళకు ఒంటి మీద పుండ్లు పడకుండా వేసే ఎయిర్ బెడ్ సంగతి చాలామందికి తట్టదు. పంపు ఆగితే గాలి దిగిపోతుంది, మనిషి వెళ్ళి మంచం చెక్క మీద పడతాడు. పైకి చూస్తే పరుపు పరుపులాగే ఉంటుంది. నడుం కింద అరచెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలన్న పద్ధతి 1960ల్లో ఇంగ్లండులో డోరీన్ నార్టన్ అనే నర్సు వృద్ధుల వార్డుల్లో చేసిన పరిశోధన తర్వాత స్థిరపడింది. 2013లో నాన్సీ బర్గ్‌స్ట్రామ్ బృందం నర్సింగ్ హోముల్లో చూస్తే రెండు, మూడు, నాలుగు గంటల్లో ఎప్పుడు తిప్పినా పుండ్లలో పెద్ద తేడా రాలేదు. అయితే అక్కడ వేసింది దళసరి ఫోమ్ పరుపు. గాలి పోయిన పరుపుకు ఆ వెసులుబాటు లేదు, మళ్ళీ రెండు గంటలే, రాత్రి కూడా. వంతులు వేసుకోండి, ఒక్క కోడలి మీదే పెట్టకండి. వీలైతే ఫోమ్ పరుపు ఒకటి ఇప్పుడే తెచ్చిపెట్టండి.

మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు త్వరగా కనపడదు. అందుకే మడమలు, పిరుదుల మధ్య ఎముక వేళ్ళతో తాకి చూడండి. చుట్టూ ఉన్న చర్మంకంటే వెచ్చగానో, గట్టిగానో, మెత్తబడినట్టో ఉంటే అది పుండుకు మొదలు. పిక్కల కింద దిండు పెడితే మడమ గాల్లో ఉండాలి. మడమ కింద నుంచి ఒక కాగితం జారిస్తే అడ్డం తగలకూడదు.

ఇక మందులు. కనీసం రెండు వారాలకు సరిపడా తెచ్చుకోవాలన్నది తెలిసిందే. మూర్ఛ మాత్రలు, స్టెరాయిడ్లు ఒక్కసారిగా ఆగకూడనివి, వాటిని ముందు చూసుకోండి. అసలు చిక్కు ఇంకొకటుంది. షాపువాడు స్ట్రిప్ కత్తిరించి ఆరు మాత్రలు ఇస్తాడు, పేరున్న ముక్క వాడి దగ్గరే ఉండిపోతుంది. టెల్మిసార్టాన్ 40 అని బీపీ మాత్ర ఒకటి, అదే పేరు వెనక ఏఎం తగిలించింది ఇంకొకటి, హెచ్ తగిలించింది మరొకటి, మూడూ వేరు వేరు మందులు. చీకట్లో ఎవరు పోలుస్తారు? ఈ కాలానికి పూర్తి స్ట్రిప్పులే అడగండి. మందు పేరు, ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్నవి ఒక కాగితం మీద రాయండి. పేర్లు ఇంగ్లీషులో, "పొద్దున తిన్నాక" లాంటివి తెలుగులో ఉంటే అమ్మ చదువుకుంటుంది. కింద తమిళంలో ఒక్క ముక్క, "షుగర్, ఇన్సులిన్ తీసుకుంటారు" అనో "డయాలసిస్ పేషెంట్" అనో పక్కింటివాళ్ళ చేత రాయించండి. పడవలో వచ్చి ఎత్తుకెళ్ళే కుర్రాడికి మన తెలుగు రాదు, అమ్మకు తమిళం రాదు.

రాసిచ్చి ఊరుకోకండి. "అర్థమైందా అమ్మా?" అంటే "ఆఁ" అనే అంటారు. "వాంతులైతే ఏ మాత్ర ఆపాలో చెప్పు చూద్దాం" అని అమ్మ నోటితోనే చెప్పించండి. మేం వార్డులో డిశ్చార్జి రోజున చేసేదీ ఇదే. 1999లో మేరీ నేలర్ బృందం అమెరికాలో వృద్ధ రోగుల ఇళ్ళకు నర్సులను పంపి, ఫోన్లో కనుక్కుంటూ నేర్పిస్తే, ఆరు నెలల్లోపు మళ్ళీ ఆస్పత్రిలో చేరినవాళ్ళు 37 శాతం నుంచి 20 శాతానికి దిగారు. వరదల తర్వాత వాంతులు, విరేచనాలు మామూలే. అప్పుడు ఏ షుగర్ మాత్ర, ఏ బీపీ మాత్ర ఆపాలో, ఇన్సులిన్ ఎంత తగ్గించాలో ఇప్పటి అపాయింట్‌మెంట్‌లోనే అడిగి రాయించుకోండి. సొంతంగా ఆపొద్దు. తిండి ఆలస్యమై చెమటలు, వణుకు వస్తే మూడు చెంచాల పంచదార, పావుగంటకు మళ్ళీ పరీక్ష.

తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ ఆగిందని ఐస్‌కి ఆనించి పెడితే గడ్డకడుతుంది, గడ్డకట్టింది ఇక పనికిరాదు. ఇన్సులిన్‌ని మట్టికుండలో పెట్టే చిట్కా ఎండాకాలానికి మంచిది, గాలి తేమగా ఉండే వానల్లో కుండ అంతగా చల్లబడదు. వాడుతున్న సీసా గది చల్లగా ఉంటే 28 రోజుల దాకా బయట ఉన్నా చాలావరకు ఫర్వాలేదు, తెరిచిన తేదీ మాత్రం దాని మీద రాయండి.

గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే మొదటి అంతస్తువాళ్ళతో ఇప్పుడే మాట్లాడుకోండి. వీల్‌చైర్ మెట్లెక్కదు, చేతుల కుర్చీలో ఇద్దరు మనుషులు ఎక్కిస్తారు. ఆ ఇద్దరెవరో ముందే తెలియాలి. వీధిలో నీళ్ళు నిలిస్తే కార్పొరేషన్‌కి 1913, అంబులెన్స్‌కి 108.

షుగర్ ఉన్నవాళ్ళు వాననీళ్ళలో చెప్పులు లేకుండా దిగకూడదు. గాజుముక్క దిగినా ఆ పాదానికి తెలియదు. తప్పక దిగితే ఇంటికొచ్చి సబ్బుతో కడిగి, వేళ్ళ మధ్య తుడిచి, అరికాలు ఇంకొకరి చేత చూపించుకోండి. నీళ్ళు తగిలిన మెషీన్‌ని ఆరిందికదా అని ప్లగ్గులో పెట్టకండి, మెకానిక్ చూశాకే. వాననీళ్ళలో దిగాక నెలలోపు జ్వరం, పిక్కల నొప్పులు వస్తే ఎలుకజ్వరం కావచ్చు. నీళ్ళలో నడిచిన సంగతి డాక్టరుగారు అడిగేదాకా ఆగకుండా మీరే ముందు చెప్పండి.