పేరులేని యూఎస్‌బీ వైఫై అడాప్టర్‌కు డ్రైవర్ దొరికిన తీరు

పాత డెస్క్‌టాప్‌కి చవక వైఫై అడాప్టర్ కొన్నాను. డబ్బా మీద కంపెనీ పేరే లేదు, లోపల డ్రైవర్ (అడాప్టర్‌ని కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) కోసం చిన్న సీడీ ఒకటి. ఈ రోజుల్లో సీడీ డ్రైవ్ ఎవరింట్లో ఉంది?

విండోస్ 10 డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ పసుపు గుర్తుతో కనబడింది, అంటే డ్రైవర్ లేదన్నమాట. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీలు చూశాను. వీఐడీ (తయారీదారు కోడ్) 148ఎఫ్, పీఐడీ (ఉత్పత్తి కోడ్) 7601. అసలు సంగతంతా ఈ రెండు అంకెల్లోనే ఉంది: మొదటిది రాలింక్ అనే చిప్‌ల కంపెనీది, రెండోది ఎంటీ7601యూ అనే చిప్‌ది. పైన ప్లాస్టిక్ ఏదైనా, డ్రైవర్ కావాల్సింది లోపలి చిప్‌కే.

నెట్ లేకుండా డ్రైవర్ ఎలా అని టెన్షన్ పడక్కర్లేదు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. ఆ చిప్ పేరుతో డ్రైవర్ జిప్ దించి, విప్పి, అప్‌డేట్ డ్రైవర్‌లో ఐఎన్‌ఎఫ్ ఫైల్ (డ్రైవర్ ఇన్‌స్టాల్ వివరాలుండేది) ఉన్న ఫోల్డర్ చూపించాను. వెంటనే నెట్‌వర్క్‌లు కనిపించాయి. 'డ్రైవర్ అప్‌డేటర్' సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోలేదు, చెత్తంతా వాటితోనే వస్తుంది.

లినక్స్ వాళ్లకైతే ఈ పనే లేదు, కెర్నల్ (లినక్స్ మూలభాగం) 4.2 నుంచి ఈ డ్రైవర్ అందులోనే ఉంది. ఒక్కటి, ఈ చిప్ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుంది. రౌటర్ 5 గిగాహెర్ట్జ్ పేరు కనబడకపోతే డ్రైవర్‌ని తిట్టకండి.