పల్లినూనె పడని పిల్లలు ఇంట్లో ఉంటే

మాది వనపర్తి దగ్గర ఊరు. యాసంగిలో పల్లి వేస్తాం, ఆ గింజలే గానుగలో ఆడించుకుంటాం. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లు ప్యాకెట్ నూనెతో ఏమీ కాని మా చిన్నోడికి ఊరికొచ్చాక ఒళ్లంతా దద్దుర్లు. పల్లీలు నోట్లో పెడితే ఉమ్మేసేవాడు. మారాం అనుకుని బలవంతంగా తినిపించాను. ఆ తప్పు మీరు చేయకండి.

ముందు తేడా తెలుసుకోండి. ఏ నూనెలో వేయించినవి తిన్నా కడుపు ఉబ్బరం, విరేచనాలు అవుతుంటే అది అలర్జీ కాకపోవచ్చు. రెండు వారాలు నూనె తగ్గించి, ఏం తిన్నారో, ఎప్పుడు ఏమైందో నోట్‌బుక్‌లో రాయండి. తిన్న నిమిషాల్లోనో, రెండు గంటల్లోపో దురద, పెదవుల వాపు, వాంతులు వస్తే మాత్రం ఇంట్లో మళ్లీ తినిపించి చూడొద్దు. ఆ నోట్‌బుక్ పట్టుకుని అలర్జీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఊపిరి ఆడకపోయినా, పిల్లాడు వాలిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

అలర్జీ తెచ్చేది నూనెలోని కొవ్వు కాదు, గింజలోని ప్రొటీన్. బాగా రిఫైన్ చేసిన నూనెలో అది దాదాపు మిగలదు. గానుగ నూనెలో మిగులుతుంది. గానుగదే ఆరోగ్యమని అందరూ చెప్తుంటే ఈ మాట నమ్మడానికి నాకు చాలా టైమ్ పట్టింది. అట్లాగని రిఫైన్డ్ పల్లినూనె కూడా డాక్టర్ని అడగకుండా వాడకండి.

మేం కుసుమ నూనెకు మారాం. అయినా దద్దుర్లు తగ్గలేదు, నాకు ఒకటే టెన్షన్. చివరికి గానుగాయనను అడిగితే తెలిసింది, అదే గానుగలో పొద్దున పల్లి, మధ్యాహ్నం కుసుమలు ఆడిస్తారట. ఇప్పుడు రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ కొంటున్నాం. ప్యాకెట్ మీద చిన్న అక్షరాలు కూడా చదవండి, రెండు నూనెలు కలిపినవీ అమ్ముతారు.

కడాయి, గరిటె, జల్లిగంట విడిగా పెట్టండి. బడిలో టీచరుకు, మధ్యాహ్న భోజనం వండే అక్కకు కూడా చెప్పండి. బజ్జీల బండి దగ్గర ఏ నూనె అని అడగండి, జవాబు సరిగా రాకపోతే తినిపించకండి. పెళ్లి భోజనానికి నేను వాడికి డబ్బా కట్టుకుని పోతాను.

మొదట్లో "మన పల్లి మనకు పడకపోవడమేంది బిడ్డా" అన్న మా అత్తమ్మే ఈ ఎండాకాలం మామిడికాయ తొక్కు రెండు జాడీల్లో పెట్టింది. చిన్నోడి జాడీకి ఎర్రగుడ్డ కట్టింది.