హైడ్రోజన్ కారుతో రాత్రి సైట్ పని: మిరాయ్ నుంచి పవర్ తీసుకునే పద్ధతి

నేను జపాన్‌లో, నాగోయాలో బిల్డింగ్ మెయింటెనెన్స్ పని చేస్తాను. ఇళ్ల మధ్య రాత్రిపూట పంపు, లైట్లు, డ్రిల్లు నడపాల్సి వచ్చినప్పుడు ఇంజిన్ జనరేటర్ మోతను పక్కింటివాళ్లు భరించలేరు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. అలాంటి చోట టొయోటా మిరాయ్ లాంటి ఫ్యూయల్ సెల్ కారు (హైడ్రోజన్‌ను గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి కరెంటు తయారుచేసుకునేది) నిజంగా మంచి దారి. పొగ రాదు, నిద్ర చెడగొట్టే మోత ఉండదు. అప్పుడప్పుడు కారులోని గాలి కంప్రెసర్ మెల్లగా వినిపిస్తుంది, అంతే.

కొత్తగా వచ్చిన మన తెలుగు కుర్రాళ్లు మొదట అడిగేది "ఎన్ని కిలోవాట్లు వస్తుందన్నా?" అని. అంతకంటే ముందు చూసుకోవాల్సింది, పని అయ్యాక స్టేషన్ దాకా వెళ్లడానికి ట్యాంకులో ఎంత మిగులుతుందన్నది. ఇక్కడ చాలా హైడ్రోజన్ స్టేషన్లు సాయంత్రానికే మూసేస్తారు, కొన్ని ఆదివారాలు తెరవరు. పెట్రోలు లాగా క్యాన్‌లో తెచ్చి పోసే వీలు లేదు. అందుకే మీ లెక్క స్టేషన్ నుంచి వెనక్కి రావాలి.

2020 చివర్లో వచ్చిన రెండో తరం మిరాయ్ మూడు ట్యాంకుల్లో, 700 బార్ల ఒత్తిడితో, దాదాపు 5.6 కిలోల హైడ్రోజన్ పడుతుంది. కిలో హైడ్రోజన్‌లో సుమారు 33 యూనిట్ల శక్తి ఉంటుంది. సెల్ నష్టాలు, కారు తన సొంతానికి వాడుకునేది తీసేశాక చేతికి వచ్చేది నేను 15 యూనిట్లకు మించి వేసుకోను. ఒక కిలోవాట్ లోడుతో ఎనిమిది గంటల పనికి 8 యూనిట్లు, అంటే అర కిలోకు కొంచెం ఎక్కువ. సెల్ ఊరికే తిరిగే సమయం కూడా కలిపి 0.7 కిలో అని రాసుకుంటాను. కిలోకు 100 కిలోమీటర్లని తక్కువగా వేసుకున్నా, ఆ రాత్రి పని 70 కిలోమీటర్ల ప్రయాణాన్ని తినేసినట్టు. ఈ ఒక్క అంకె కాగితం మీద ఉంటే మిగతా టెన్షన్ సగం పోతుంది.

పవర్ తీసుకోవడానికి రెండు దారులున్నాయి. కారు లోపలి 100 వోల్టుల ప్లగ్‌లు మొత్తం కలిపి 1500 వాట్లు ఇస్తాయి. నాలుగు 100 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు, ఒక చిన్న పంపు, బ్యాటరీ టూల్స్ ఛార్జర్లకు ఇది చాలు. అంతకు మించితే బానెట్ కింద ఉన్న చాడెమో (జపాన్ డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతి) సాకెట్‌కు విడిగా ఇన్వర్టర్ పెట్టె తగిలించాలి. హోండా పవర్ ఎక్స్‌పోర్టర్ 9000 అలాంటిదే, 9 కేవీఏ ఇస్తుంది. బరువు సుమారు 50 కిలోలు, ఇద్దరు పట్టుకుని దించండి.

రెండు దారుల్లోనూ దెబ్బ తగిలేది మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడే. ప్లేట్ మీద 700 వాట్లు అని ఉన్న ఎయిర్ కంప్రెసర్ మొదటి క్షణంలో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. 1500 వాట్ల ప్లగ్ వెంటనే కట్ అవుతుంది. కంప్రెసర్లను ఎక్స్‌పోర్టర్‌కే పెట్టండి, అదీ మిగతా లోడు పడకముందే మొదట స్టార్ట్ చేయండి.

కేబుల్ డ్రమ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. డ్రమ్ పక్కన అంటించిన చీటీ చదవండి: చుట్టి ఉంటే 5 ఆంపియర్లు, పూర్తిగా విప్పితే 15 అని ఉంటుంది. చుట్టిన డ్రమ్ మీద వాక్యూమ్ నడిపితే లోపలి చుట్లు వేడెక్కి పైపొర మెత్తబడుతుంది. పైకి చేయి పెడితే తెలియదు, లోపలే ఉడుకుతుంది. ఇంకొకటి, 2 చదరపు మిల్లీమీటర్ల వైరు 30 మీటర్లు లాగి 15 ఆంపియర్లు తీస్తే దాదాపు 8 వోల్టులు దారిలోనే పోతాయి. 100కు 92 వోల్టులే టూల్‌కు అందుతాయి, మోటారు స్టార్ట్ కాలేక మూలుగుతుంది. కారును పనికి దగ్గరగా పెట్టండి, వైరు పొడవు పెంచకండి.

మన దేశం నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల గ్రైండర్‌ను ఇక్కడి 100 వోల్టుల ప్లగ్‌లో పెట్టకండి. ఎక్స్‌పోర్టర్ ఇచ్చేది సింగిల్ ఫేజ్, కాబట్టి త్రీ ఫేజ్ 200 వోల్టుల మోటార్లు కూడా నేరుగా నడవవు. జపాన్‌లో ఫ్రీక్వెన్సీ కూడా రెండు రకాలు: మా నాగోయా, ఒసాకా వైపు 60 హెర్ట్జ్, టోక్యో వైపు 50. నీళ్లలో ముంచే పంపులు ఏదో ఒక ఫ్రీక్వెన్సీకి కొంటాం, పంపు మీదున్నదీ కారు, ఎక్స్‌పోర్టర్‌లో పెట్టినదీ ఒకటేనా చూసుకోండి.

కారును బయట, గాలి ఆడే చోటే నిలపండి. గాలిలో 4 శాతం దాటితే హైడ్రోజన్ అంటుకుంటుంది, పైకప్పు కింద చేరుతుంది. మూసిన షెడ్డు, బేస్‌మెంట్ పార్కింగ్ వద్దు. కిలో హైడ్రోజన్‌కు దాదాపు 9 లీటర్ల నీరు తయారవుతుంది. ఒక రాత్రి పనికి సుమారు ఆరు లీటర్లు. కొంత ఆవిరిగా పోయినా మిగతాది కారు కిందే పడుతుంది, కాబట్టి వైరు జాయింట్లు ఆ వైపు నేల మీద ఉండకూడదు. శీతాకాలంలో అదే నీరు గడ్డకట్టి కాలు జారుతుంది.

ఎక్స్‌పోర్టర్ తగిలించే వరుస ఇది. కారు పార్క్‌లో పెట్టి, చక్రాలకు చెక్కలు పెట్టి, చాడెమో గన్‌ను లాక్ క్లిక్‌మనేదాకా నొక్కండి. ఎక్స్‌పోర్టర్ స్టార్ట్ నొక్కితే అది ముందు ఇన్సులేషన్ పరీక్షించుకుంటుంది, ఆ తర్వాతే "టక్" మని రిలే పడుతుంది. ఆ చప్పుడు వినకుండా టూల్ ప్లగ్ పెట్టకండి. పరీక్ష ఫెయిల్ అయితే మళ్లీ మళ్లీ నొక్కకండి, కేబుల్ తడిసిందేమో చూడండి. రబ్బరు టైర్ల మీద నిలబడిన కారుకు భూమితో సంబంధం ఉండదు, కాబట్టి మామూలు లీకేజ్ బ్రేకర్ మొదటి లోపాన్ని పట్టుకోకపోవచ్చు. డబుల్ ఇన్సులేషన్ గుర్తున్న టూల్స్ వాడండి, ఎర్త్ టెర్మినల్ ఉంటే మాన్యువల్ ప్రకారం కలపండి. బిల్డింగ్ బోర్డుకు మాత్రం చేంజోవర్ స్విచ్ లేకుండా ఎప్పుడూ కలపకండి, లైన్ మీద పనిచేసే మనిషి ప్రాణం పోతుంది. బానెట్ కింద నారింజ రంగు వైర్ల జోలికి వెళ్లకండి.

దించేటప్పుడు ముందు టూల్స్ ఆపి, తర్వాత ఎక్స్‌పోర్టర్ ఆపి, రిలే విడిపోయాకే గన్ తీయండి. వెంటనే గేజ్ చూసి, స్టేషన్ ఎన్నింటికి తెరుస్తారో తెలుసుకుని, అప్పటిదాకా కారును అనవసరంగా తిప్పకండి.